నవ్వుకు ఎదురు నవ్వు ఉండాలి

తెలుగులో నవ్వు గురించి రెండు సామెతలు ఎక్కువగా వినబడతాయి. ఒకటి, నవ్వు నాలుగు విధాల చేటు. రెండోది, నవ్విన నాపచేనే పండుతుంది. మొదటిది నవ్వేవాడికి హెచ్చరిక. రెండోది నవ్వులపాలైనవాడికి ఓదార్పు. కానీ ఏ నవ్వు చేటు, ఏ నవ్వు మేలు అనేది ఈ రెండూ చెప్పవు. ఒక మాట అని ఎదుటివాడి మనసు నొప్పించి, "ఊరికే సరదాకి అన్నాను, జోక్ కూడా అర్థం కాదా?" అని దులిపేసుకోవడం ఇప్పుడు బడుల్లో, హాస్టళ్లలో, సెల్‌ఫోన్లలో మామూలైపోయింది. అందుకే మన యువత, మన ఉపాధ్యాయులు ఈ ప్రశ్న గురించి ఒకసారి ఆలోచించాలి.

పెద్దలు దీని గురించి ఆలోచించకపోలేదు. నాట్యశాస్త్రం హాస్యాన్ని ఒక రసంగా చెప్పి, నవ్వును ఆరు రకాలు చేసింది. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. పళ్లు కనబడకుండా చిరునవ్వు నవ్వేవాడు ఉత్తముడు, పగలబడి నవ్వేవాడు అధముడు. ఈ లెక్కన మా గూడేల్లో ఒక్క ఉత్తముడూ దొరకడు. మూతి బిగించి నవ్వడం మాకు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లండుకు చెందిన హాబ్స్ 1651లో అచ్చయిన 'లెవయథాన్' గ్రంథంలో ఇంకో మాట చెప్పాడు. ఎదుటివాడిలో లోపం కనబడి, వాడికంటే నేను మేలు అని ఒక్కసారిగా తోచినప్పుడు కలిగే గర్వమే నవ్వు అన్నాడు. మొదటివారు నవ్వు చప్పుడును బట్టి మనిషిని కొలిచారు. హాబ్స్ నవ్వులో గర్వాన్ని చూశాడు. చాలా నవ్వుల విషయంలో హాబ్స్ మాట నిజమే. కానీ అన్ని నవ్వులూ అలాంటివి కావని చెప్పడానికి మన దండారి చాలు.

దీపావళికి ముందు రోజుల్లో ఆదిలాబాద్, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాల గోండు గూడేల్లో దండారి సాగుతుంది. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి, మర్యాద చేసి, అన్నం పెడతారు. నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని, చేతిలో కర్ర పట్టుకుని గుసాడీలు వస్తారు. వాళ్లతోపాటు ఆడవేషం కట్టిన పోరిక్‌లు ఉంటారు. ఇక ఆటపాటలతోపాటు వేళాకోళం మొదలవుతుంది. ఆతిథ్యం ఇచ్చిన ఊరి పెద్దను కూడా వదలరు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ రోజుల్లో గుసాడీని మనం దైవంతో సమానంగా చూస్తాం. కోలబోడి అయ్యేదాకా వాళ్లు స్నానం కూడా చేయరు, అంత నియమం పాటిస్తారు. నవ్వించేవాడే పూజ్యుడు. నవ్వించేవాణ్ని తక్కువవాడిగా చూసే లోకానికి ఇది వింతగా ఉంటుంది.

దండారిలో ఎంత ఎగతాళి చేసినా ఎవరికీ కోపం రాదు. ఎందుకంటే ఆ ఊళ్ల మధ్య వియ్యం ఉంటుంది. బావ బావమరిదిని అంటాడు, బావమరిది బావను అంటాడు. వదిన, మరదలు ఒకరికొకరు బాకీ ఉంచుకోరు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవ శాస్త్రవేత్త 1940లో ఇలాంటి సంబంధాల గురించి ఒక వ్యాసం రాశాడు. పరాయివాడు అంటే గొడవయ్యే మాటను ఈ బంధంలో ఉన్నవాడు అనవచ్చు, రెండోవాడు దానికి నొచ్చుకోకూడదు, అదే నియమం అని వివరించాడు. మన ముసలమ్మలకు ఈ సంగతి ఏ వ్యాసమూ చదవకుండానే తెలుసు. ఎవరిని ఎగతాళి చేయవచ్చు, ఎవరి ముందు తల దించుకోవాలి అనేది పిల్లలకు మాటలతోపాటే నేర్పుతారు.

దీన్నిబట్టి నాకు తోచే కొలత ఇది. మాట పడినవాడికి తిరిగి అనే వీలు ఉంటే అది హాస్యం. ఆ వీలు లేకపోతే అది అవమానం. చప్పుడు ఎంత, మాట ఎంత మోటు అనేవి తర్వాత సంగతులు.

ఈ కొలతతో చుట్టూ చూడండి. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుసాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆ గౌరవం మనందరిదీ. కానీ చాలా సభల్లో గుసాడీలను గేటు దగ్గర స్వాగతానికి నిలబెడతారు. కారు దిగినవాళ్లు ఒక ఫోటో దిగి, ఆ టోపీ ఒక నిమిషం తల మీద పెట్టుకుని నవ్వి లోపలికి పోతారు. అదే టోపీ, అదే అడుగు. కానీ అక్కడ గుసాడీ ఎవరినీ ఒక మాట అనలేడు. చూసేవాడు చూస్తాడు, ఆడేవాడు ఆడతాడు, అంతే.

సినిమాల్లో ఇంకా అన్యాయం. ఆకులు చుట్టుకుని, అర్థం లేని కూతలు కూస్తూ, మంట చుట్టూ గెంతే మనుషుల్ని ఆదివాసులుగా చూపించి నవ్వించిన దృశ్యాలు ఎన్నో ఉన్నాయి. ఆ కూతలకు బదులు చెప్పే తెర మనకు లేదు. ఆ సినిమా చూసిన పిల్లవాడు మర్నాడు హాస్టల్‌లో మన పిల్లవాణ్ని ఆ కూతతోనే పిలుస్తాడు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురిలో కులం పేరు పెట్టి దూషించడం నేరం. ఆ చట్టం మనకు అండ, దాని గురించి ప్రతి విద్యార్థికీ తెలియాలి. కానీ అవమానం జోక్ వేషం వేసుకుని వచ్చినప్పుడు చట్టం దాకా పోయేవాళ్లు తక్కువ. పిల్లవాడు ఎంచుకునే దారి ఇంకొకటి. తన భాష మాట్లాడటం మానేస్తాడు.

ఇక్కడ ఒకరు అడగవచ్చు. "మన ఆటల్లో షావుకారును, గార్డును అనుకరించి మనమూ నవ్విస్తాం కదా, అది తప్పు కాదా?" మంచి ప్రశ్నే. గార్డుకు బదులివ్వడానికి కేసు పుస్తకం ఉంది, షావుకారుకు అప్పు చిట్టా ఉంది. మన చేతిలో ఉన్నది నవ్వు ఒక్కటే. బలవంతుడి మీద బలహీనుడి నవ్వు అక్కడ ఊపిరి లాంటిది. అయినా దానికీ ఒక హద్దు ఉంది. తూకంలో మోసాన్ని చూపి నవ్వాలి కానీ, షావుకారు నత్తిని చూపి కాదు. మోసం వాడు చేసిన పని. నత్తి వాడు చేసింది కాదు. పుట్టుక, ఒళ్లు, యాస ఎవరూ ఎంచుకున్నవి కావు. వాటి మీద ఎవరు నవ్వినా తప్పే.

ఈ హద్దు మనకూ వర్తిస్తుంది. మనకంటే చిన్న సమూహమైన కొలాం పిల్లల మాట మీద, తోటివారి పేదరికం మీద, తాగి పడిపోయినవాడి భార్య మీద మనవాళ్లే నవ్వితే, సినిమావాణ్ని తప్పు పట్టే నోరు మనకు ఉండదు. వాట్సాప్‌లో ఒక వీడియో పంపే ముందు, అందులో ఉన్న మనిషి దాన్ని చూసి మనతోపాటు నవ్వగలడా అని అడుక్కుంటే చాలు. సగం వీడియోలు అక్కడే ఆగిపోతాయి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఇంట్లో తాతనూ "నువ్వు" అనే పిల్లవాడు బడిలో సారును "నువ్వు" అంటే తరగతి నవ్వుతుంది. అప్పుడు ఆ పిల్లవాడు మన ముఖం వైపు చూస్తాడు. మనం కూడా నవ్వితే వాడు చాలాకాలం నోరు తెరవడు. మార్లవాయిలో 1943లోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రం పెట్టారు, గోండిలో వాచకాలు రాశారు. పిల్లవాడి భాషతో చదువు మొదలుపెట్టాలన్న ఆ ఆలోచన ఇప్పటికీ పాతది కాలేదు. వారానికి ఒక పీరియడ్ పిల్లలతో వాళ్ల భాషలో పొడుపుకథలు, నవ్వు కథలు చెప్పించండి. భాష రాని ఉపాధ్యాయులైతే ఇంకా మంచిది. ఆ మాటలు మీరు పలకండి. తప్పు పలుకుతారు, పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. మీరూ నవ్వి, మళ్లీ పలకండి. తర్వాత తెలుగు పాఠంలో వాళ్లు తప్పు పలికినప్పుడు, ఆ నవ్వుకు ఎవరూ భయపడరు.