పట్టియుంచు చేయి అవమానమా?



వేగము కొరకే చేయబడిన కారు ఒకటి కలదు. దానిని స్పోర్ట్సు కారు అందురు. మన పల్లెదారులలో అది అరుదు. అయినను దానిని నడుపువారి మధ్య బహుకాలముగా జరుగుచున్న తగవు మనమందరము ఆలోచింపదగినది. కారు జారిపోకుండ కాపాడు యంత్రము అందులో ఉన్నది. దానిని ఆపివేయుటకు ఒక మీటయు ఉన్నది. నేర్పుగలవాడు దానిని ఆపి నడుపవలెనా, ఉంచి నడుపవలెనా? సహాయముతో చేసిన పని మన పని యగునా?

ముందుగా ఆ యంత్రము చేయు పనిని తెలిసికొందము. ఇందులో రెండు భాగములున్నవి. బలమైన ఇంజను ఒక్కసారిగా లాగినప్పుడు చక్రము నేలను పట్టుకొనలేక ఉన్నచోటనే గిరగిర తిరుగును. బురదలో దిగబడిన ట్రాక్టరును చూచినవారికి ఇది తెలియును. అప్పుడు ఇంజను బలమును తగ్గించి, తిరుగు చక్రమునకు బ్రేకు వేయునది ట్రాక్షన్ కంట్రోలు. మలుపులో కారు అడ్డముగా జారినప్పుడు సరిదిద్దునది స్టెబిలిటీ కంట్రోలు. నడుపువాడు స్టీరింగును ఎటు త్రిప్పెనో ఒక పరికరము కొలుచును. కారు నిజముగా ఎటు తిరుగుచున్నదో మరియొకటి కొలుచును. సెకనుకు 25 మారులు ఈ రెండును పోల్చబడును. తేడా వచ్చెనా, ఒక్క చక్రమునకు మాత్రము బ్రేకు పడును. వెనుకభాగము బయటికి విసరబడుచున్న యెడల బయటివైపు ముందు చక్రమునకును, ముందుభాగము తిరుగక తిన్నగా పోవుచున్న యెడల లోపలివైపు వెనుక చక్రమునకును ముఖ్యముగా అది పడును.

జర్మనీ దేశపు బాష్, మెర్సిడెస్-బెంజ్ కంపెనీలు 1995లో దీనిని అమ్మకపు కారులో అమర్చినవి. 1997లో స్వీడనులో, దారికి అకస్మాత్తుగా అడ్డువచ్చిన జంతువును తప్పించినట్లు కారును త్రిప్పి చూచు పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ అను చిన్నకారు బోల్తాపడెను. అటుపిమ్మట ఆ రకపు కార్లన్నిటిలోను దీనిని ఉంచిరి. అమెరికాలో 2012 మోడలు నుండి కొత్త కార్లన్నిటికి ఇది ఉండవలెనని 2007లో నియమము చేయబడెను. అక్కడి డాడ్జ్ వైపర్ అను వేగపు కారు చాల యేండ్లు ఈ సహాయము లేకుండనే అమ్మబడి, ఆ నియమమునుబట్టి 2013 మోడలులో దీనిని పెట్టుకొనెను.

ఇది మనుష్యుని నేర్పును దోచుకొనుచున్నదని కొందరందురు. ఈ మాటను తూచి చూతము. కారులో బ్రేకు పెడలు ఒక్కటే. దానిని తొక్కిన యెడల నాలుగు చక్రములకును బ్రేకు పడును. ఎంత నేర్పరియైనను, తన పాదముతో ఒక్క చక్రమునే ఎన్నుకొని బ్రేకు వేయజాలడు. ఎవని యొద్దను లేనిదానిని ఎవడు దోచుకొనగలడు? మరియు ఆ యంత్రము ఎక్కడికి పోవలెనో తాను నిర్ణయింపదు. మనము స్టీరింగును త్రిప్పినవైపునకే మనలను చేర్చ చూచును. మన ఉద్దేశమును అది తీసివేయదు. ఆ ఉద్దేశము తప్పిపోకుండ తోడుపడును. తాడిచెట్టు ఎక్కువాడు మోకు కట్టుకొనును. అతనికి చెట్టెక్కుట రాదని ఎవరును అనరు గదా.

మన నడవడియందును ఇట్లే. త్రాగుడు బలహీనత గలవాడొకడు, కూలి డబ్బు చేతికి రాగానే భార్యకు అప్పగించి, సారా దుకాణమున్న వీధిని విడిచి చుట్టుదారిని ఇంటికి పోవుననుకొందము. అతని నిగ్రహము అతనిది కాదందుమా? డబ్బు జేబులో పెట్టుకొని, దుకాణము ముందు నిలిచి, నేను పడనని పంతము పలుకువాని కంటె ఇతడే తన్ను తాను ఎరిగినవాడు.

అయితే రెండవ ఆక్షేపణ బరువైనది. సహాయమున్నదను ధైర్యముతో మనుష్యుడు అజాగ్రత్తపడడా? 1980వ దశకములో జర్మనీలోని మ్యూనిక్ పట్టణపు టాక్సీలను పరిశీలించిరి. కొన్నిటికి చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ బ్రేకులుండెను, కొన్నిటికి లేకుండెను. ప్రమాదముల లెక్కలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. మంచి బ్రేకులున్నవారు మరింత దూకుడుగా నడిపిరి. స్టెబిలిటీ కంట్రోలు విషయములో లెక్క వేరు. ఒకే వాహనము అదుపుతప్పి ప్రాణము పోవు ప్రమాదముల భయము దానివలన దాదాపు సగము తగ్గినదని అమెరికాలోని పరిశీలన. అయినను మ్యూనిక్ పాఠమును మరువరాదు. రెండింతల వేగముతో అదే మలుపు తిరుగుటకు నాలుగింతల పట్టు కావలెను. ఆ పట్టును ఇచ్చునవి టైరును నేలయును. యంత్రము ఉన్న పట్టును సరిగా వాడగలదు గాని, లేనిదానిని పుట్టించలేదు.

మరి ఆ మీట ఎందుకున్నది? బురదలోనో మంచులోనో కూరుకొనిన కారు బయటపడుటకు చక్రము కొంత తిరుగవలసి యుండును. అప్పుడు దానిని ఆపుట న్యాయమే. పందెపు మైదానములోను ఆపవచ్చును. ఫార్ములా వన్ పందెములలో 1994లో ట్రాక్షన్ కంట్రోలును నిషేధించి, 2001లో మరల అనుమతించి, 2008 నుండి తిరిగి నిషేధించిరి. అక్కడ పరీక్షింపబడునది నేర్పే. పందెమునకు దిగువాడు అపాయమెరిగి దిగును. ఎదురు వచ్చువాడు లేడు. దారి దాటు పిల్ల లేదు.

దారి మీద సంగతి అట్లుకాదు. అక్కడ మీట నొక్కువాడు తన ప్రాణమును మాత్రమే పణముగా పెట్టుట లేదు. సైకిలు మీద పాలు తెచ్చువానిని, సంచి భుజాన వేసికొని బడికి పోవు బిడ్డను అతడు అడిగెనా? కొత్త యిల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞయున్నది. ఆ గోడ యజమానుని నేర్పును శంకించుట కాదు. అతడు తన మేడమీద కన్నులు మూసికొనియైనను నడువగలవాడు కావచ్చును. అయినను అక్కడికి ఎక్కి వచ్చువాడు పడిన యెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. మన నేర్పు ఎంతయైనను, దానికి కలుగు పొరపాటు వెలను పొరుగువాడు చెల్లింపరాదు.

ఈ యంత్రము పనిచేయునప్పుడు కారులో నడుపువాని యెదుట పసుపురంగు దీపమొకటి మినుకుమినుకు మనును. అది మెచ్చుకోలు కాదు, మందలింపు. నీవు హద్దును తాకితివి, ఈ మారు నిలుపబడితివి అని దాని భావము. నేర్పును చూపగోరువాడు దానిని ఆపివేయనక్కరలేదు. దానిని ఉంచుకొని, ఆ దీపము వెలుగకుండ నడుపవలెను. వెలిగిన యెడల సిగ్గుపడి వేగము తగ్గింపవలెను. మనకును హెచ్చరించు దీపములు కలవు: తల్లి మాట, స్నేహితుని గద్దింపు, రాత్రివేళ నిద్రపట్టనియ్యని మనస్సాక్షి. వాటిని ఆర్పివేసి బలవంతులమని చెప్పుకొందమా, లేక వాటి వెలుగులో మెల్లగా నడుతమా? ఈ నెలంతయు మన యిండ్లలో దీనిని ఆలోచింతము.