ఐదవ కారణము

కష్టము కలిగినపుడు "అంతయు దైవనిర్ణయము" అనుట లోకమున సర్వసామాన్యము. ఆ మాట భక్తినుండి పుట్టవచ్చును. తన అలసత్వమును కప్పిపుచ్చుకొనవలెనను కోరికనుండియు పుట్టవచ్చును. వినుటకు రెండును ఒక్కతీరుగనే యుండును. వీని భేదమును గుర్తించుట ఎట్లు? ప్రయాణములలో ఎదురగు ఒక ఇక్కట్టును ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింపవచ్చును.

అమెరికా దేశమున ఉద్యోగవిరమణ చేసిన దంపతులు పలువురు మోటారు హోము అను బండిలో దేశాటనము చేయుచుందురు. వంటగది, పడక, స్నానపుగది అన్నియు అందే అమరియుండును. అట్టి పెద్దబండ్లు కొన్ని పది టన్నులకు మించి తూగును. ఆ బరువును ప్రధానముగా మోయునది ఉక్కు కాదు, రబ్బరును కాదు. టైరులో బంధింపబడిన, కంటికి కానరాని గాలి.

అట్టి దంపతులు వేసవిలో ఫీనిక్సు నగరమునుండి పడమరగా, ఆరిజోనా ఎడారిలో, 10వ నంబరు అంతర్రాష్ట్ర రహదారిపై పోవుచున్నారనుకొందము. వెనుక టైరు ఒకటి ఫెళ్లున పగిలినది. అట్టి క్షణమున గాభరాపడి బ్రేకును గట్టిగా తొక్కినచో బండి అదుపు తప్పును. స్టీరింగును నిబ్బరముగా పట్టి, వేగమును క్రమక్రమముగా తగ్గనిచ్చి, మెల్లగా ప్రక్కకు చేర్చవలెను. భర్త అట్లే చేసెను. కాని ఊడిన రబ్బరు ముక్కలు దారిపొడవున చెదరిపడినవి. వెనుక మోటారుసైకిలుపై వచ్చుచున్న యువకుడొకడు వానిని తప్పించుకొనబోయి, పడబోయి, ఎట్లో నిలద్రొక్కుకొని, కొంతదూరమున ఆగెను. పెక్కు మోటారు హోములలోవలెనే ఈ బండిలోను అదనపు చక్రము లేదు. సహాయము వచ్చువరకు ఎండలో వేచియుండుట తప్పలేదు.

"భగవంతుడే మనలను రక్షించెను. జరుగవలసినది జరిగినది. మన చేతిలో ఏమున్నది?" అనెను భర్త. మొదటి మాటకు భార్య తలయూపెను. చివరి మాట విని, "ఈ టైరు ఏనాటిది?" అని మాత్రము అడిగెను.

టైరు ప్రక్కభాగమున దాని పుట్టుక నాలుగంకెలలో వ్రాయబడియుండును. అచట 2312 అని యున్నది. అనగా 2012వ సంవత్సరపు 23వ వారమున తయారైనది, పదేండ్లు దాటినది. దానిపై గాళ్లు క్రొత్తవానివలె లోతుగనే యున్నవి. ఆ బండి తిరిగిన దూరము తక్కువ, నిలిచియున్న కాలము ఎక్కువ. నిలిచియున్నను రబ్బరునకు ముసలితనము తప్పదు. ఎండ, వేడి, గాలిలోని ఓజోను దానిని పెళుసుబరచును. కారు టైరు సాధారణముగా అరిగి చెడును. ఇట్టి బండి టైరు పలుమారులు అరుగకయే చెడును.

మరియొక విషయము బయటపడెను. వెనుక ఇరుసునకు ఒక్కొక్క ప్రక్క రెండేసి టైర్లు కలవు. లోపలి టైరునకు గాలి నింపు మూతి చేతికి సులభముగా అందదు. అందుచేత భర్త తక్కినవానిని కొలిచి, దానిని విడిచిపెట్టుచు వచ్చెను. అందు గాలి తగ్గినది. దాని భారమును కూడ వెలుపలి టైరు మోసినది. మితిమీరిన బరువువలన టైరు తిరిగినపుడెల్ల అధికముగా వంగును. వంగుటవలన వేడి పుట్టును. వేడివలన పొరలు విడిపోవును. ఉపేక్షింపబడినది ఒకటి, పగిలినది మరియొకటి.

గీత 18వ అధ్యాయమున ఏ కర్మకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. దైవము లేదని అచట చెప్పలేదు. అదియొక్కటియే యనియు చెప్పలేదు. ఈ సంఘటనకు అన్వయించినచో బండి అధిష్ఠానము, నడుపువాడు కర్త, టైర్లు కరణములు, కొలుచుటయు కొలువక మానుటయు చేష్టలు. ఈ నాలుగింటిని విచారింపక ఐదవదానిని పేర్కొనుట భక్తి యనిపించుకొనదు. లెక్కను మధ్యలో ఆపుట యగును.

"ఎంత జాగ్రత్త వహించినను దారిలోని మేకు గ్రుచ్చుకొనవచ్చును గదా, ఇక ప్రయత్నమెందుకు?" అని కొందరందురు. నిజమే, జాగ్రత్త అభయపత్రము కాదు. కాని మేకు తెచ్చిన ఆపద వేరు, మనము కొనితెచ్చుకొన్న ఆపద వేరు. మొదటిదానియందు మనస్సు నిర్మలముగా నుండును; రెండవదానియందు ఇతరులకు ఋణపడియుందుము. అట్లని గడియగడియకు బండి నాపి టైర్లు తడుముకొనువాడును వివేకి కాడు. చేయవలసినది చేసి, తక్కినది విడిచిపెట్టుటయే నిశ్చింతకు మార్గము.

ఇచట ఆ యువకుని మరువరాదు. అంతయు విధివ్రాత యైనచో అతనికి చెప్పవలసిన మాట ఏదియు లేదు. దోషము తనదని ఎరిగిననే క్షమాపణకు తావు కలుగును. భర్త అతనియొద్దకు నడచిపోయి, "నా అజాగ్రత్తవలన నీ ప్రాణము మీదికి వచ్చినది, మన్నింపుము" అనెను. అంతకుముందు దేవునికి చెప్పిన కృతజ్ఞత ఆ మాటతో తరుగలేదు. తన తప్పు ఎంతటిదో తెలిసినవానికే తనకు దక్కిన రక్షణ ఎంతటిదో తెలియును.

సహాయపు బండి వచ్చినది. ఆ రాత్రి వారు సమీపపు ఊరిలో ఆగి, వయసు మీరిన టైర్లనన్నిటిని మార్పించిరి. మరునాటి ఉదయమున, టైర్లు చల్లగా నున్నపుడే, భర్త గాలి కొలుచు గేజి చేతబట్టి నేలపై మోకరిల్లి, అందని లోపలి చక్రమునే మొదట కొలిచెను. ఆ పిదప దేవుని తలచి బండి కదిలించెను.