బరువెక్కిన చేతులు

మూత్రపిండ మార్పిడి జరిగిన దినమున మనము సంఘముగా స్తుతులు చెల్లించుదుము. పిమ్మట వచ్చు మాసములను మరచిపోదుము. పరాయి అవయవమును దేహము తనదిగా ఎంచక ఎదిరించును. ఆ ఎదిరింపును అణచు మందులు మానరాదు. అవే మందులు రోగములను ఆపు శక్తినికూడ తగ్గించును గనుక చిన్న జలుబు సైతము మరల ఆసుపత్రికి చేర్చవచ్చును. అట్లు భర్త తిరిగి మంచము పట్టిన ఇంటిలో వేళకు మాత్రలిచ్చునది, జ్వరము చూచునది, రాత్రులు మేలుకొనునది భార్యయే. అట్టి ఆమెతో విశ్వాసము చాలలేదేమో అనువారు యోబు స్నేహితుల వంటివారే.

నిర్గమకాండము 17వ అధ్యాయములో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఆయనను గద్దింపలేదు. మొదట కూర్చుండుటకు రాయి వేసిరి. తరువాత చెరియొక ప్రక్క నిలిచి ప్రొద్దు గ్రుంకువరకు ఆ చేతులను ఎత్తిపట్టిరి. ఈ ఇల్లాలి చేతులును బరువెక్కినవి. అవయవము నిలుచునో లేదో మనకు తెలియదు, ఆమెకును తెలియదు.

కాబట్టి రోగి గదిలో గుంపుగా చేరకుడి. జలుబున్నవారు అసలు వెళ్లకుడి. పిల్లలకు అన్నము వండి పంపుడి. ఆసుపత్రి వరండాలో ఆమెకు బదులుగా ఎవరు ఏ రాత్రి కూర్చుందురో, ఈ ఆదివారము ఆరాధన ముగియగానే సంఘ పెద్దలకు చెప్పుడి.