వింటివేత దూరము

పఠనభాగము: ఆదికాండము 21వ అధ్యాయము, 8 నుండి 21 వచనములు



ఈ నెల ధ్యానమునకు ఏర్పరచుకొన్న భాగము మీలో అనేకులు చిన్ననాటినుండి విన్నదే. అబ్రాహాము ఇంట ఇస్సాకు పాలు విడిచిన దినమున గొప్ప విందు జరిగెను. ఆ సమయమున హాగరు కుమారుడైన ఇష్మాయేలు పరిహసించుచుండగా శారా చూచెను. ఇష్మాయేలు ఇస్సాకుకంటె పదునాలుగేండ్లు పెద్దవాడు. పాలు మానిన పసివానిని మీసము మొలవబోవు పిల్లవాడు గేలిచేయుట! మన బడులలోను హాస్టళ్లలోను పెద్ద తరగతి పిల్లలు చిన్నవారిని పట్టుకొని యేడిపించుట ఈ కాలమున పుట్టిన సంగతి కాదని దీనివలన తెలియుచున్నది.

తరువాత జరిగినది మీకు తెలియును. తల్లిని బిడ్డను ఇంటినుండి పంపివేసిరి. బెయేర్షెబా అరణ్యములో తిత్తిలోని నీళ్లు అయిపోయెను. అప్పుడు హాగరు చేసిన పనియొద్ద మనము కొంచెము నిలువవలెను. ఆమె పిల్లవానిని ఒక పొదక్రింద విడిచి, వాని చావు చూడలేక, వింటివేత దూరము పోయి, అక్కడ కూర్చుండి యేడ్చెను. ఆమెకు బిడ్డమీద ప్రేమ లేదా? ఉన్నది. ఎక్కువగా ఉన్నందుననే చూడలేకపోయినది. అయితే పొదక్రింద పడియున్న ఆ పిల్లవానికి కనబడినదేమి? అమ్మ లేచి వెళ్లిపోయినది. వానికి కనబడినది అంతే.

దేవుని దూత ఆమెతో ఏమనెను? భయపడవద్దనెను. లేచి పిల్లవానిని లేవనెత్తి చేతితో పట్టుకొమ్మనెను. ఆ తరువాతనే ఆమె కన్నులు తెరువబడి నీళ్ల బావి కనబడెను. బావి చూపించి చేయి పట్టుకొమ్మనలేదు సుమా. దారి యేదియు తోచక ముందే చేయి పట్టుకొనవలసి వచ్చినది.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకొందుము. ఇది మన సంఘములో అందరెరిగినదే గనుక దాచుట లేదు. ఆ తలిదండ్రులును ఆ పిల్లవాడును సమ్మతించిన పిమ్మటనే వ్రాయుచున్నాము. పేర్లు మాత్రము వ్రాయము.

బంట్వారము చుట్టుపట్ల ఒక పల్లెలో కూలి చేసికొను సహోదరుడొకడు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా చిన్నోని కోసం ప్రార్థన చేయుండ్రి, బడికి పోనంటుండు" అనెను. పిల్లవానికి కొంచెము నత్తి. బడిలో ఇద్దరు పెద్ద పిల్లలు వానిని గోడకు నిలువబెట్టి ఒకే మాట పదేపదే పలికించి నవ్వుచుండిరట. ఒకనాడు వాని అన్నపు డబ్బాను నీళ్ల తొట్టిలో వేసిరట. మేము విని, వాని తలమీద చేయి వేసి, ఓర్పు దయచేయుమని ప్రార్థించి పంపివేసితిమి. ఎన్నాళ్లనుండి జరుగుచున్నదని అడుగలేదు. ఆ పిల్లలెవరని అడుగలేదు. మరుసటి వారము ఆ పిల్లవాడు పుస్తకాల సంచి తీసికొని ఇంటినుండి బయలుదేరి, బడికి పోక, ఎత్తుగా పెరిగిన కందిచేనులో సాయంకాలము వరకు దాగియుండెను. ఒక దినము కాదు, తొమ్మిది దినములు. తండ్రి వింటివేత దూరమున కూర్చుండెను. కాపరులమైన మేము ఇంకొంత దూరమున కూర్చుంటిమి.

ప్రభువు అట్లు చేయలేదు. మార్కు సువార్త 9వ అధ్యాయములో మూగదయ్యము పట్టిన కుమారుని ఒక తండ్రి తీసికొనివచ్చినప్పుడు, స్వస్థపరచుటకు ముందుగా, ఇది వీనికి సంభవించి యెంత కాలమైనదని ప్రభువు ఆ తండ్రిని అడిగెను. సమస్తము ఎరిగినవాడు ఎందుకు అడుగవలెను? తండ్రి నోరు విప్పి చెప్పుటకే యని మేము తలంచుచున్నాము. ఆ తండ్రియు అగ్నిలో పడినది, నీళ్లలో పడినది విడిచిపెట్టక చెప్పెను. అతనికి తన బిడ్డ సంగతి తెలియును. మనకు తెలియునా? బిడ్డ యేడ్చుచు వచ్చినయెడల, "నీవేమి చేసితివో, ఊరక ఎవరైన కొట్టుదురా" అని మొదటి మాటగా అనువారము మనలో ఎందరము! ఆ మాట విన్న బిడ్డ రెండవసారి చెప్పడు.

నోటితో చెప్పకపోయినను కొన్ని గురుతులు ఇంటికి వచ్చును. సోమవారము ఉదయముననే వచ్చు కడుపునొప్పి, చినిగిన అంగీ, తినని అన్నము, సెల్‌ఫోను మ్రోగగానే వాడిపోవు ముఖము. డాక్టరు అంబేద్కరుగారు సాతారాలో చదువుకొన్న దినములలో తక్కిన పిల్లలతో కలిసి కూర్చుండనియ్యక వేరుగా ఒక గోనెగుడ్డమీద కూర్చుండబెట్టిరి. బడి ఊడ్చు నౌకరు ఆ గుడ్డను ముట్టడు గనుక ప్రతి సాయంకాలము దానిని ఇంటికి మోసికొనిపోయి మరునాడు మరల తీసికొనివచ్చెడివారు. మన బిడ్డల సంచులలోను అట్టి గోనెగుడ్డ యొకటి ఇంటికి వచ్చుచుండవచ్చును. సంచి విప్పి చూడుడి.

మనవాడైన గుఱ్ఱం జాషువా కవిగారిని తలంచుకొనుడి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. బడిలో కులము పేరుపెట్టి హేళన చేసిన పిల్లలమీద తిరుగబడి కొట్టిరని చెప్పుదురు. కొట్టుట మంచిదని మేము బోధింపము. అయినను ఆ బాలుని మందలించుటకు మాకు నోరు రాదు. ఆయన 1941లో వ్రాసిన గబ్బిలములో ఒక అంటరాని పేదవాడు తన గోడు శివునికి చేరవేయుటకు గబ్బిలమును దూతగా పంపును. వినుటకు మనుష్యులు కరవైనవాని గతి అది. మన బిడ్డలకు గబ్బిలము కావలసిన అవసరము రానియ్యకుడి.

ఒక చెంపమీద కొట్టినవానికి రెండవ చెంప చూపుమని ప్రభువు చెప్పెను గదా అని కొందరు అందురు. ప్రభువు నీ చెంప చూపుమనెను, నీ బిడ్డ చెంప చూపుమనలేదు. ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు తన్ను కొట్టినప్పుడు ఆయనయే, నేను కాని మాట పలికినయెడల అది యేదో చెప్పుము, లేనియెడల ఏల కొట్టుచున్నావని అడిగెను (యోహాను 18:23). నిజము చెప్పవలెనంటే, బడికి పోయి అడుగుటకు మనకు గల జంకును కప్పుకొనుటకే ఆ వాక్యమును వాడుకొనుచున్నాము. ఏలయనగా కొట్టిన పిల్లవాని తండ్రి చేనులోనే మనకు కూలి దొరకును. అతని పాలిషింగు మిల్లులోనే మనము తాండూరు బండలు మోయుదుము. ఇది తేలిక సంగతి కాదు. ఆ పొయ్యిమీద కుండ ఎక్కవలెనుగదా.

అయినను పౌలు చేసినది చూడుడి. ఫిలిప్పీలో విచారణ లేకుండ బహిరంగముగా కొట్టిరని అధికారులనే తనయొద్దకు రప్పించుకొనెను. చట్టము నడుగుట అవిశ్వాసము కాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిలో బిడ్డను శారీరకముగా శిక్షించుటను మానసికముగా వేధించుటను నిషేధించుచున్నది. ఆ చట్టము ప్రకారమే ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు, మొత్తములో సగము స్త్రీలు ఉండవలెను. ఆ కుర్చీలలో మనవారు ఎందరు కూర్చుండిరి? పిల్లలకొరకు 1098 అను ఫోను నంబరు గలదు. రాత్రింబగళ్లు ఎప్పుడైనను ఉచితముగా పిలువవచ్చును. ఇవన్నియు అరణ్యములోని బావివంటివి. మనము చూడకముందునుండియు ఉన్నవే.

ఇంకొక మాట, ఇది కష్టమైనది. ఏడిపించినవాడు మన పిల్లవాడే యని తెలిసినప్పుడు ఏమి చేయుదుము? సండేస్కూలులో ఎలీషాను గేలిచేసిన పిల్లల కథ చెప్పి ఎలుగుబంట్ల భయము పెట్టుట మనకు అలవాటు. అది సులువు. పొదక్రింద పడియున్న ఇష్మాయేలు ఎవడు? విందులో గేలిచేసినవాడే. దేవుడు వాని మొరయు వినెను. కావున మన పిల్లవానిని చావగొట్టి ఊరుకొనక, వాని చేయి పట్టుకొని, బాధపడిన పిల్లవాని ఇంటికి తీసికొనిపోయి, వాని ఎదుటనే మనము మొదట క్షమాపణ అడుగవలెను. వాడు ఇంటిలో ఎవరినుండి ఆ గేలిమాటలు నేర్చుకొనెనో కూడ అప్పుడు మనకు జ్ఞాపకము రావచ్చును.

పదియవ దినమున ఆ తండ్రియు తల్లియు మేమును కలిసి ఉదయము గంట కొట్టకముందే బడికి పోతిమి. గుంపుగా పోలేదు, కేకలు వేయలేదు. జరిగినవి తేదీలతో ఒక కాగితముమీద వ్రాసికొని పోతిమి. పెద్దసారు మొదట, పిల్లలన్న తరువాత ఇట్టివి మామూలే అనెను. తల్లి కూర్చున్నచోటనుండి కదలలేదు. తడిసిన అన్నపు డబ్బాను బల్లమీద పెట్టెను. తరువాత ఆయన ఆ ఇద్దరిని పిలిపించి విచారించెను. మధ్యాహ్నపు వేళ తొట్టియొద్ద ఒక టీచరు నిలుచునట్లు ఏర్పాటు చేసెను. ఇద్దరిలో ఒకని తండ్రినుండి వారము దినములు మనవారికి కూలికి పిలుపు రాలేదు. ఆ వారము సంఘములో ముగ్గురు బియ్యము పంపిరి. ఎనిమిదవ నాడు కబురు వచ్చినది. ఎందుకు వచ్చినదో తెలియదు. కంది కలుపునకు మనుష్యులు దొరకలేదేమో.

ధారూరు జాతరలో జనము క్రిక్కిరిసినప్పుడు బిడ్డ చేయి ఎట్లు పట్టుకొందుమో అట్లే ఆ తల్లి ఇప్పుడు ప్రతి ఉదయము చెరువుకట్ట వరకు వానిని పట్టుకొని నడచుచున్నది. అక్కడ వాడే చేయి విడిపించుకొని పోవును. నత్తి పోలేదు. రాబోవు క్రిస్మసు కార్యక్రమములో లూకా 2వ అధ్యాయమునుండి ఎనిమిది వచనములు చదువుదునని వాడే వచ్చి పేరు ఇచ్చినాడు. మేము వ్రాసికొన్నాము. ఎంతసేపు పట్టినను సంఘమంతయు కూర్చుండి వినవలెననియు, ఎవరును వెనుకనుండి మాట అందింపరాదనియు ఇప్పుడే మనవి చేయుచున్నాము.