కూలి యిచ్చినంత ఋణము తీరునా?

ఒకనిచేత పని చేయించుకొని, మాటాడుకొన్న కూలి యిచ్చివేసినచో వానికిని మనకును ఇక సంబంధము లేదనుట లోకవ్యవహారము. కోత కోసినవానికి గింజలు కొలిచి పంపుదుము. గోడ పెట్టినవానికి డబ్బిచ్చి పంపుదుము. ఇందులో అన్యాయమేమున్నదని చదువరు లడుగవచ్చును. పని ముగిసిన పిదప ఆ మనిషి తన యూరికి పోగలిగినంతవరకు అన్యాయము లేదనియే మేమందుము. పోవుటకు ఊరే లేనివాని మాట యేమి?

కోలారు బంగారుగనులలో జాన్ టేలరు కంపెనీవారు 1880లో పని కారంభించిరి. చిత్తూరు, ఉత్తరార్కాడు సీమల నుండి అరవవారును తెలుగువారును అచ్చటికి వలసపోయిరి. వారిలో పెక్కుమంది స్వగ్రామమున మంచినీళ్ల బావి దరికి రానీయబడనివారే. 1902లో శివసముద్రము నుండి గనులకు విద్యుచ్ఛక్తి వచ్చినది. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానము నమరెను. ఆ ప్రదేశమును చిన్న ఇంగ్లండని మురిసిపోయినవారు కలరు. కూలివానికి తడికెల గుడిసె. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. అంత లోతున రాయి వేడెక్కియుండును. పైబరువునకు తాళలేక ఒక్కొక్కప్పుడు పిడుగువలె ప్రేలును. ప్రేలుడు తప్పించుకొన్నవానిని రాతిదుమ్ము ఊపిరితిత్తులలో చేరి మెల్లగా చంపును. ఇంతటి పనికి ఓర్చుకొన్నవారే, నేరస్థులవలె వేలిముద్రలు వేయుడన్నప్పుడు, 1930లో పని మానివేసిరి.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్రమునకును చేరి, 1972 నుండి భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ క్రింద నడచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. నూటయిరువది యేండ్లలో వెలికివచ్చిన బంగారము సుమారు 800 టన్నులు. ఆ సంస్థదే యైన మన రామగిరి గనియు నిలిచిపోయెను.

రాతిలో పైడి తరిగి ఖర్చు పెరిగినప్పుడు గని నెల్లకాలము నడుపుమని మేమనము. కాని లండనులోని వాటాదారులు లాభములు పుచ్చుకొనిరి. మైసూరు సంస్థానము రాజభాగము పుచ్చుకొనెను. మూడు తరములు వేరొక పని యెరుగక బ్రతికినవానికి మాత్రము లెక్క కూలితోనే ముగిసెనా?

సంస్కృతమున భృతి యన్న కూలియు నగును, పోషణయు నగును, భృత్యుడన్న భరింపదగినవాడు. సేవకుడను అర్థమొక్కటే మిగుల్చుకొని తక్కినది మనము విడిచితిమి. ఇది కంపెనీల పాపము మాత్రమే కాదు. మన యిండ్లలో ముప్పదియేండ్లు అంట్లు తోమిన ముసలిది చేతులాడక కూలబడినప్పుడు, ఆ నెల జీతము చేతిలోపెట్టి, రేపటి నుండి రావలదని చెప్పుటలేదా?

కోలారు గనుల యొద్ద సైనైడు దిబ్బలు నేటికిని నిలిచియున్నవి. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇండ్లలో పడును. గనివారి బిడ్డలు పెక్కుమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, చీకటిపడిన పిదప మరలుదురు. తాము పుట్టిన కంపెనీ యిండ్లను తమ పేర వ్రాయుడని ఆ కుటుంబములు ఏండ్లతరబడి అడిగినవి. దానిని దయాదానమను పెద్దమనుష్యు లున్నారు. ఆ మాట అనుటకు మాకు నోరాడదు.