చేప తీసుకుపోయిన గండం

మిర్యాలగూడలో గృహప్రవేశమైనా, కోదాడలో కొత్త ఫ్లాటు కొన్నా, మా సూర్యాపేటలో ముందుగది సోఫాలు మార్చినా, ఈమధ్య ఒక మూల గాజుతొట్టె కనిపిస్తోంది. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, ఒక ప్లాస్టిక్ మొక్క, బుడగలు వదిలే చిన్న మోటారు. ఈశాన్యంలో ఉంటే మంచిదని ఒకరు, ఉత్తరాన ఉంటే ధనమని ఇంకొకరు. సరే, ఎవరి నమ్మకం వారిది. నన్ను ఆలోచనలో పడేసింది దిక్కుల సంగతి కాదు, చేప చచ్చిపోయినప్పుడు చూడవచ్చినవాళ్లు అనే మాట. “పోనీలే వదినా, మీ ఇంటికి రాబోయే గండం అది తీసుకుపోయింది!”

ఎంత హాయిగా ఉంటుందో ఈ మాట! పిల్లలు ఏడుపు మానేస్తారు. ఇంటాయన ఆదివారం వెళ్లి ఇంకో చేపను తెస్తాడు. ఆ గండం ఎక్కణ్ణుంచి బయల్దేరిందో మాత్రం ఎవరూ అడగరు.

అది ఆ నీళ్లలోనే పుడుతుంది. చేప తన మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన గింజలు కుళ్లినా అదే. ఏటిలో అయితే కొట్టుకుపోతుంది, తొట్టెలో ఎక్కడికి పోతుంది? అడుగున గులకరాళ్లనూ, ఫిల్టరులోని స్పాంజినీ పట్టుకుని బతికే సూక్ష్మజీవులు ఆ విషాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టెలో అవి కుదురుకోడానికి నెల, నెలన్నర పడుతుంది. మనమేమో తొట్టె తెచ్చిన సాయంత్రమే చేపలన్నిటినీ వదిలేస్తాం. పైగా శుభ్రమంటే మనకు ప్రాణం కదా! వారం వారం నీళ్లన్నీ పారబోసి, రాళ్లను బియ్యం కడిగినట్టు కడిగి, క్లోరిన్ వాసన పోని నల్లా నీళ్లు నింపుతాం. ముందురోజు పట్టి ఉంచిన నీళ్లతో ఓ పావువంతు మారిస్తే సరిపోయేదానికి ఇంత హంగామా చేసి, చేపను కాపాడే ఆ జీవుల్ని కాస్తా మోరీలో కలిపేస్తాం.

చేపల పులుసు తినేవాళ్లం, ఒక చేప చావుకి ఇంత విచారమా అని మీరు నవ్వొచ్చు. తినడం తప్పా ఒప్పా అన్నది వేరే తగాదా. 1967లో నీళ్లొదిలిన సాగర్ ఎడమ కాలువ మా వైపు పొలాలతోపాటు పిల్లలకు చేపలు పట్టే సరదానూ ఇచ్చింది. కానీ కాలువ చేప తన తిండి తను వెతుక్కుంటుంది, వల చూస్తే పారిపోతుంది. తొట్టెలోని చేపకు పోయే దారి లేదు. దాని నీరూ, తిండీ, గాలీ మన చేతిలోనే పెట్టుకున్నాం. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఈ గండం మాట చేపల దగ్గరే ఆగితే నేనింత కాగితం నల్లచెయ్యను. భర్త ఉండగా భార్య పోతే మనవాళ్లేమంటారు? “పసుపుకుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు.” ఈ మాట అనేది ఎక్కువగా ఆడవాళ్లమే. ఆవిడకు ఎన్నాళ్లుగా కడుపులో నొప్పి ఉందో, డాక్టరు దగ్గరికి వెళ్లడం వడ్లు అమ్మాక అనీ, పిల్ల పరీక్షలయ్యాక అనీ ఎన్నిసార్లు వాయిదా పడిందో, అంతా ఆ ఒక్క మాట కింద కప్పడిపోతుంది. ఓదార్పు వద్దని నేననను. చావింటికి వెళ్లి లెక్కలడిగే మనిషిని ఎవరు భరిస్తారు? కానీ పదోరోజు దాటాక కూడా ఆ మాటే మిగిలితే, రెండో చేప కూడా ఆ నీళ్లలోకే వస్తుంది.

భాగవతంలో సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల, పెద్ద చేపల నుంచి కాపాడమంది. కమండలంలో వేస్తే తెల్లారేసరికి చోటు చాలదంది. ఇంకా పెద్ద పాత్ర, మడుగు, చివరికి సముద్రం. అడిగినప్పుడల్లా రాజు చోటు మార్చాడు. దానికి నోరుంది కనుక అడిగింది.

మన తొట్టెలోది మాట్లాడదు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి మోటారు ఆగితే, నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడది పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. “పాపం, ఆకలేస్తోందే” అని మనం ఇంకో చిటికెడు గింజలు వేస్తాం. అది అడిగేది గాలి.