దోమ, పద్యం, వైద్యం

 

దోమ ఎంతటి ప్రాణి! అరచేతి దెబ్బకు నిలవదు. అయినా అంతటి అల్పజీవిని ఉదాహరణగా చెప్పడానికి అల్లాహ్ సంకోచించడని దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 26) తెలుపుతోంది. అరకు దారిలో, అనంతగిరి కొండల పాదాల చెంత ఉన్న మా శృంగవరపుకోటలో వానాకాలం రాగానే ఈ ఆయత్ గుర్తుకొస్తుంది.

మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని పూర్వం నమ్మేవారు. 1897లో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమలపై పరిశోధన చేశాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున తీసుకుని దోమలకు తన రక్తమిచ్చాడు. ఆగస్టు 20న ఆ రక్తం తాగిన అనాఫిలిస్ దోమను కోసి చూస్తే, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. ఈ పరిశోధనలకే రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ పేరు లోకం ఎరుగును. హుస్సేన్ ఖాన్‌ను తలిచేవారు తక్కువ. కానీ ఏ మేలూ అల్లాహ్ దృష్టిని దాటిపోదు.

రాస్ కవి కూడా. ఆ రోజుల్లోనే తన భార్యకు పద్యం రాసి పంపాడు. దాని ఆరంభంలోనే దైవస్తుతి ఉంది. సూక్ష్మదర్శినిలో సృష్టి రహస్యాన్ని చూసిన మనసు స్తుతించకుండా ఉండలేకపోయింది.

కవిత్వం, శాస్త్రం, వైద్యం ఒకే చోట చేరడం ముస్లింలకు కొత్త కాదు. 1037లో మరణించిన ఇబ్నె సీనా వైద్యసూత్రాలను 1,300కు పైగా పాదాల అరబీ పద్యంగా కూర్చారు. పద్యమైతే విద్యార్థికి కంఠస్థమవుతుంది, రోగి పడక దగ్గర వెంటనే గుర్తుకొస్తుంది. కొంత కవిత్వంలో వివేకం ఉంటుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అల్లాహ్ మందు లేని రోగాన్ని దించలేదని కూడా ఆయన తెలిపారు (బుఖారీ). వైద్యం చేయించుకోవచ్చా అని అడిగిన పల్లెవాసులకు చేయించుకోమనే ఆదేశించారు (అబూదావూద్).

మరి మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? బిడ్డకు చలిజ్వరం వస్తే తావీజు కట్టి మూడు రోజులు ఎదురుచూసే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. మలేరియాలో ఆ మూడు రోజులే ప్రాణం తీయవచ్చు. దుఆ చేయండి, తప్పకుండా చేయండి. కానీ ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. మందు ఇస్తే జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి.

గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. కనుక జుమా గుస్ల్‌కు ముందు ఇంట్లోని తొట్లు, కుండీలు, పాత టైర్లలోని నీరు పారబోయండి. మస్జిదులో వుజూ తొట్టికి మూత ఉందో లేదో కూడా చూడండి. పరిశుభ్రత విశ్వాసంలో భాగం.

తాము చేయనిది చెప్పే కవులను అష్షుఅరా సూరా మందలించింది. విశ్వసించి సత్కార్యాలు చేసినవారిని మినహాయించింది. ఆ మందలింపు కవులకేనా? వ్యాసం చదివి, తలూపి, తొట్టి నీరు అలాగే వదిలేసే మనకు వర్తించదా?

ఎరిగినదాన్ని ఆచరించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.